నామినేషన్లే లేని ఎన్నికలో ఒక్కరికే 89 ఓట్లు ఎలా పడతాయి?

సోషల్ టీచర్, బాపట్ల జిల్లా (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. బడులు తెరిచాక 8వ తరగతి లీడర్ని ఎన్నుకోవాల్సి వచ్చింది. ఆ సందర్భంలో ఎన్నికల గురించి మాట్లాడుతుంటే ఒక పిల్లవాడు లేచి, "టీచర్, మే నెలలో పోపు గారిని ఎన్నుకున్నారు కదా, అక్కడ కూడా నామినేషన్ వేస్తారా?" అని అడిగాడు. పోపు అంటే ప్రపంచ కతోలిక క్రైస్తవుల మతపెద్ద. వాళ్లది కతోలిక కుటుంబం. ఎండాకాలం సెలవుల్లో వాళ్ల నాయనమ్మతో కలిసి రాత్రి తొమ్మిదిన్నర దాటాక టీవీలో తెల్లపొగ చూశాడట. నల్లపొగ వస్తే ఇంకా తేలలేదని, తెల్లపొగ వస్తే పోపు ఎన్నికయ్యారని గుర్తు.

నాకు తెలిసినంత చెప్పాను. 133 మంది కార్డినల్స్, అంటే పోపు తర్వాతి స్థాయి మతపెద్దలు, తలుపులు వేసుకుని ఓట్లు వేస్తారని, మూడింట రెండు వంతులు రావాలని, అంటే 89 ఓట్లని. వెంటనే ఇంకో అమ్మాయి, "పోటీ చేసేవాళ్లే లేకపోతే అన్ని ఓట్లు ఒకరికే ఎలా పడతాయి టీచర్? అది కూడా రెండు రోజుల్లో?" అంది. నా దగ్గర జవాబు లేదు. రేపు చెబుతానన్నాను. ఆ రేపు వచ్చి వారం అయింది.

మా ఇంట్లో ఎవరూ క్రైస్తవులు కారు, అందుకే అడగడానికి దగ్గరలో ఎవరూ లేరు. పుస్తకాల్లో ఉండే నాలుగు ముక్కలు కాదు, లోపల ఏం జరుగుతుందో పిల్లలకు బొమ్మ కట్టినట్టు చెప్పగలిగేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి రాయండి. పోపు గారు చనిపోయిన రోజు నుంచి బాల్కనీలో కొత్తాయన కనిపించేదాకా.

రిటైర్డ్ మాస్టారు, పల్నాడు (జవాబు)

టీచరమ్మా, మీ పిల్లలు అడిగిన ప్రశ్న చాలా మంచిది. నాకు ఈ విషయం రెండు వైపుల నుంచి దగ్గర. మా నాన్నగారు మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, ఉపదేశి, మతబోధ చేసేవారు. నేను గవర్నమెంటు మాస్టారుగా పనిచేసి ఈ మధ్యే రిటైరయ్యాను. ఆ ఉద్యోగంలో ఏడుసార్లు ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా ఎలక్షన్ డ్యూటీ చేశాను. అందులో మూడు పంచాయతీ ఎన్నికలు, అంటే కాగితపు బ్యాలెట్లు. కాబట్టి నాకు కాంక్లేవ్ అంటే, పోపుని ఎన్నుకునే ఆ సమావేశం అంటే, ముందు గుర్తొచ్చేది బ్యాలెట్ పెట్టె. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పోపు ఫ్రాన్సిస్ గారు 2025 ఏప్రిల్ 21న, పునరుత్థాన పండుగ మర్నాడు సోమవారం, కన్నుమూశారు. 26న అంత్యక్రియలు. పోపు పోయాక సాధారణంగా 15 రోజులు ఆగాలి, 20 రోజులు దాటకూడదు. ఈసారి మే 7న మొదలుపెట్టారు. ఈ మధ్య రోజుల్లోనే మీ క్లాసు అమ్మాయి ప్రశ్నకు సగం జవాబు ఉంది.

ఏప్రిల్ 22 నుంచి కార్డినల్స్ అందరూ దాదాపు రోజూ కూర్చుని మాట్లాడుకున్నారు. వీటిని జనరల్ కాంగ్రిగేషన్లు అంటారు. 80 దాటినవాళ్లకు ఓటు లేదు, కానీ ఈ సమావేశాలకు వాళ్లూ రావచ్చు, మాట్లాడవచ్చు. ఒక్కొక్కరు లేచి, మా దేశంలో పరిస్థితి ఇది, శ్రీసభ (కతోలిక చర్చి) ముందున్న కష్టం ఇది, రాబోయే పోపు ఇలాంటివాడైతే బాగుంటుంది అని చెబుతారు. "నన్ను ఎన్నుకోండి" అని ఎవరూ అడగరు, అడిగితే ఉన్న గౌరవం కూడా పోతుంది. 2013లో ఇలాంటి సమావేశంలోనే అర్జెంటీనా కార్డినల్ బెర్గోలియో కొద్ది నిమిషాలు మాట్లాడారు. శ్రీసభ తన గడప దాటి, అంచుల్లో ఉన్న మనుషుల దగ్గరకు పోవాలన్నారు. ఆ నాలుగు మాటలే చాలామంది మనసులో పడ్డాయి. కొన్ని రోజులకు ఆయనే పోపు ఫ్రాన్సిస్ అయ్యారు.

ఇక లోపలికి వెళ్దాం. మే 7 సాయంత్రం అంటే మనకు రాత్రి. నేనూ మా ఆవిడా టీవీ ముందు కూర్చున్నాం. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థనా మందిరంలో ఒక్కొక్క కార్డినల్ వచ్చి సువార్త గ్రంథం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నారు. హైదరాబాద్ అగ్రపీఠాధిపతులు (ఆర్చ్‌బిషప్) పూల ఆంతోని గారి వంతు వచ్చినప్పుడు మా ఆవిడ లేచి నిలబడింది. ఎందుకంటే ఆయన నంద్యాల వైపు పోలూరు వారు. చిన్నప్పుడు బీదరికం వల్ల ఏడో తరగతితోనే చదువు ఆపాల్సి వస్తే మిషనరీలు చదివించారు. 1992లో గురువయ్యారు, అంటే ఫాదర్ అయ్యారు, 2008లో కర్నూలు పీఠాధిపతి (బిషప్) అయ్యారు, 2022లో పోపు ఫ్రాన్సిస్ ఆయన్ని కార్డినల్ని చేశారు. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్, దళితుల్లో మొదటి కార్డినల్. ఆ ఘనమైన బొమ్మల కింద ఆయన చెయ్యి ఆ గ్రంథం మీద చూస్తుంటే మాకు అన్నం సహించలేదు. ఈ మాట మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఆ 133 ఓట్లలో ఒకటి మన తెలుగు ఓటు. మన దేశం నుంచి మొత్తం నాలుగు.

ప్రమాణాలు అయ్యాక "ఎక్స్‌ట్రా ఓమ్నెస్" అని ప్రకటిస్తారు. లాటిన్లో "ఓటర్లు కానివాళ్లంతా బయటికి" అన్నట్టు. తలుపులు పడతాయి. సెల్‌ఫోన్లు ముందే ఇచ్చేశారు, సిగ్నల్ రాకుండా జామర్లు పెట్టారు. కాంక్లేవ్ అన్న మాటే లాటిన్లో "తాళంచెవితో" అన్న అర్థంలోంచి పుట్టింది.

ఇక ఓటు. నిలువుగా కాకుండా మధ్యకు మడిచే కాగితం. పై సగంలో "ఎలీగో ఇన్ సుమ్ముమ్ పొంతీఫికెమ్" అని అచ్చు వేసి ఉంటుంది. "నేను పోపుగా ఎన్నుకుంటున్నది" అని అర్థం. కింది సగం ఖాళీ. గుర్తులుండవు, జాబితా ఉండదు. మనసులో ఉన్న పేరు రాయాలి. అది కూడా తన చేతిరాత ఇదని ఎవరూ పోల్చుకోలేనట్టు రాయాలని రూల్ ఉంది. మన దగ్గర స్వస్తిక్ గుర్తు స్టాంపు వేయిస్తాం కదా, అదీ ఇందుకే, ఎవరు వేశారో తెలియకూడదని.

తర్వాత ఒక్కొక్కరే ఆ మడిచిన కాగితాన్ని అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకుని పీఠం దాకా నడుస్తారు. ఎదురుగా గోడ నిండా మైకెలాంజెలో వేసిన తుది తీర్పు చిత్రం. అక్కడ నిలబడి పైకి వినబడేలా ప్రమాణం చేస్తారు. నాకు తీర్పు తీర్చబోయే క్రీస్తు ప్రభువు సాక్షిగా, దేవుని ఎదుట ఎవరు ఎన్నిక కావాలని నేను నమ్ముతున్నానో వారికే ఈ ఓటు వేస్తున్నాను, అని. ఆ కాగితాన్ని చిన్న పళ్లెంలో పెట్టి, ఆ పళ్లెం వంచి పాత్రలోకి జారవిడుస్తారు. ప్రతి ఒక్కరూ. 133 మంది. ఈ ఒక్క పనికే ఎంత సేపు పడుతుందో ఆలోచించండి.

నేను ఎన్నో పోలింగ్ కేంద్రాల్లో కూర్చున్నాను. లైన్లో నిలబడి, వేలికి సిరా వేయించుకుని, లోపలికి వెళ్లే మనిషి మొహంలో ఒక క్షణం మార్పు కనిపిస్తుంది. ముఖ్యంగా ముసలివాళ్లలో. మిగతా రోజుల్లో ఎవరూ పట్టించుకోని మనిషికి ఆ క్షణంలో ఒక బరువు వస్తుంది. ఆ ప్రమాణం చదివినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

లెక్కింపు మీ పిల్లలకు బాగా నచ్చుతుంది. చీటీలు వేసి ముగ్గురు లెక్కించేవాళ్లను తీస్తారు, ముగ్గురు సరిచూసేవాళ్లను తీస్తారు, ఇంకో ముగ్గురు జబ్బుపడి గదిలో ఉండిపోయిన కార్డినల్స్ దగ్గరకు తాళం వేసిన పెట్టె పట్టుకెళ్లేవాళ్లు. ముందు కాగితాలు విప్పకుండానే ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. ఓటర్ల సంఖ్యకు ఒక్కటి తేడా వచ్చినా అన్నీ అలాగే కాల్చేసి మళ్లీ ఓటింగ్ పెడతారు. ఇది చదివినప్పుడు నాకు పాత టెన్షన్ ఒకటి గుర్తొచ్చింది. ఒక ఊళ్లో పంచాయతీ ఓట్లు లెక్కపెడితే మా ఖాతాలో 412, బల్ల మీద 411. రాత్రి ఎనిమిదయింది. ఏజెంట్లు అరుపులు. నాకు చెమటలు. చివరికి పెట్టె మూలన మడతలో ఇరుక్కున్న కాగితం దొరికింది. ఆ రాత్రి ఆ ఒక్క కాగితం కోసం మేం పెట్టె తలకిందులు చేసిన తీరు తలుచుకుంటే, ఆ రూల్ రాసినవాళ్లు కూడా ఎప్పుడో ఇలాంటి రాత్రి గడిపి ఉంటారనిపిస్తుంది.

లెక్క సరిపోతే మొదటి ఆయన కాగితం విప్పి పేరు చూసి రెండో ఆయనకు ఇస్తారు. ఆయన చూసి మూడో ఆయనకు. మూడో ఆయన పేరు పైకి చదువుతారు. చదివిన ప్రతి కాగితాన్నీ "ఎలీగో" అన్న మాట దగ్గర సూదితో గుచ్చి దారానికి ఎక్కిస్తారు, మనం పూలు గుచ్చినట్టు. చివర ముడి వేస్తారు. ఏ కాగితమూ జారిపోదు, రెండోసారి లెక్కలోకి రాదు. కూర్చున్నవాళ్లంతా తమ కాగితాల మీద ఎవరికెన్ని అని రాసుకుంటూ ఉంటారు. సరిచూసేవాళ్లు మళ్లీ చూశాక, ఆ దండలనూ, ఈ రాసుకున్న కాగితాలనూ కలిపి పొయ్యిలో వేసేస్తారు.

ఇప్పుడు మీ అమ్మాయి ప్రశ్న రెండో సగం. మొదటి రోజు సాయంత్రం ఒక్క రౌండే. ఆ రౌండ్లో పేర్లు చెల్లాచెదురుగా వస్తాయి. నాకు అర్థమైనంతలో ఆ మొదటి రౌండే నామినేషన్ లాంటిది. ఎవరి మీద ఎంతమందికి గురి ఉందో అప్పుడే అందరికీ మొదటిసారి తెలుస్తుంది. రాత్రి సాంతా మార్తా అనే బసకు వెళ్తారు, కలిసి భోంచేస్తారు, మాట్లాడుకుంటారు, ప్రార్థించుకుంటారు. మర్నాడు నుంచి పొద్దున రెండు, సాయంత్రం రెండు రౌండ్లు. నాకు నచ్చిన పేరుకు నాలుగు ఓట్లే వచ్చాయి, ఇంకొకాయనకు పెరుగుతున్నాయి, ఆయన కూడా యోగ్యుడే అనిపిస్తే నా చీటీ మారుతుంది. ఇలా ప్రతి రౌండుకూ మనుషులు కదులుతారు. 2005లో నాలుగు రౌండ్లకు తేలింది, 2013లో అయిదు, ఈసారి మళ్లీ నాలుగు. 1978 అక్టోబరులో ఎనిమిది పట్టింది. 1922లో పద్నాలుగు.

1978 నాకు బాగా గుర్తు. అప్పుడు పదో తరగతి, ఫాదర్లు నడిపే హాస్టల్లో ఉన్నాను. ఆగస్టులో పోపు ఆరవ పౌలు గారు పోయారు. మొదటి జాన్‌పాల్ వచ్చి 33 రోజులకే పోయారు. అక్టోబరులో ఒక రోజు పొద్దున రేడియో తెలుగు వార్తల్లో చెప్పారు, పోలండ్ దేశస్థుడు పోపు అయ్యారని. 455 ఏళ్లకు ఇటలీవాడు కానివాడు వచ్చాడని మా ఫాదర్ గారు మెట్ల మీద నిలబడి మాకు చెప్పారు. గుడి గంట కొట్టే పని ఆ రోజు నాకిచ్చారు. ఎంతసేపు కొట్టానో తెలియదు, సైకిల్ మీద పోతున్న మనిషి ఆగి "ఎవరు పోయారు బాబూ?" అని అడిగాడు. "పోలేదు, వచ్చారు" అన్నాను.

గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నా, హైదరాబాద్ (జవాబు)

మాస్టారూ, చాలా బాగా రాశారు. నాకొక సందేహం ఉంది, నొప్పించాలని కాదు, నిజంగానే అడుగుతున్నాను. మనుషులు కూర్చున్న చోట పైరవీలు లేకుండా ఉంటాయా? బయటి దేశాల ఒత్తిడి, డబ్బు, పదవుల ఆశ, ఇవేవీ లేకుండా ఇంత పెద్ద పదవి భర్తీ అవుతుందంటే నమ్మడం కష్టంగా ఉంది. ఇంకొకటి, పోపు గారే కార్డినల్స్‌ని నియమిస్తారు, ఆ కార్డినల్స్ తర్వాతి పోపుని ఎన్నుకుంటారు. మరి పాత పోపు మాటే నడుస్తుంది కదా?

రిటైర్డ్ మాస్టారు, పల్నాడు (జవాబు)

తమ్ముడూ, అడగాల్సిన ప్రశ్నే. నేను నమ్మినవాణ్ణి కాబట్టి దాచిపెట్టి చెప్పడం నాకిష్టం లేదు.

జరిగాయి. 1492లో బోర్జియా కుటుంబం నుంచి ఆరవ అలెగ్జాండర్ పోపు అయినప్పుడు పదవులు, ఆస్తులు ఆశచూపి ఓట్లు కొన్నారని ఆ కాలం నుంచీ ఆరోపణ ఉంది. తర్వాత వచ్చిన రెండవ జూలియస్ ఓట్లు కొనడానికి వ్యతిరేకంగా గట్టి శాసనం చేశారు. రాజుల జోక్యం అంతకన్నా ఎక్కువ కాలం నడిచింది. ఆస్ట్రియా, ఫ్రాన్సు, స్పెయిన్ రాజులు ఫలానా మనిషి వద్దని అడ్డుకునే అలవాటు ఉండేది. చివరిసారి 1903లో. రాంపొల్లా అనే కార్డినల్‌కు ఓట్లు బాగా పడుతుంటే, ఆస్ట్రియా చక్రవర్తికి ఆయన సమ్మతం కాదని క్రాకో కార్డినల్ లేచి చదివారు. లోపల ఉన్నవాళ్లకు చాలా కోపం వచ్చింది. ఆ ఎన్నికలో పోపు అయిన పదవ పయస్, ఇకమీదట ఏ ప్రభుత్వం తరఫునైనా అలాంటి మాట కాంక్లేవ్‌లోకి తెచ్చినవాణ్ణి శ్రీసభ నుంచి వెలివేస్తామని శాసనం చేశారు.

ఇప్పుడు నడిచే నియమాలు 1996లో రెండవ జాన్‌పాల్ గారు రాసినవి, తర్వాత 2007లోనూ 2013లోనూ పదహారవ బెనెడిక్ట్ గారు కొన్ని సవరించారు. వాటిలో ఒక గీత చాలా స్పష్టంగా ఉంది. ఎవరు తగినవారని ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు. కానీ "నాకు వెయ్యి, నీకు ఇది చేస్తాను" అనే ఒప్పందం, మాట తీసుకోవడం, గుంపు కట్టి ఫలానావారికే వేస్తామని కట్టుబడడం నిషేధం. చేస్తే వెలి. పోపు బతికి ఉండగా ఆయన వారసుడి గురించి ఒప్పందాలు చేసుకోవడం కూడా నిషేధమే.

మూడింట రెండు వంతులు అన్న నియమం 1179 నుంచి ఉంది. నా దృష్టిలో పైరవీకి అసలైన మందు ఇదే. సగానికి ఒకటి ఎక్కువ చాలంటే ఒక వర్గం గట్టిగా పట్టుబట్టి కూర్చుంటే సరిపోతుంది. రెండు వంతులు కావాలంటే అవతలివాళ్లు కూడా "ఈయనైతే మాకూ సరే" అనే మనిషి కావాలి. మా ఊళ్లో సర్పంచి ఎన్నిక తర్వాత రెండేళ్లు పెళ్లిళ్లకు కూడా ఒకరి ఇంటికి ఒకరు పోని కుటుంబాలు నాకు తెలుసు. 1996 నియమాల్లో, చాలా రౌండ్లు తేలకపోతే సగానికి పైగా చాలు అని ఒక వెసులుబాటు ఉండేది. బెనెడిక్ట్ గారు 2007లో దాన్ని తీసేశారు. 30కి పైగా రౌండ్లు తేలకపోతే మొదటి ఇద్దరి మధ్యే ఓటింగ్, ఆ ఇద్దరికీ ఓటు ఉండదు, అయినా రెండు వంతులు రావాల్సిందే.

నీ చివరి ప్రశ్నకు చరిత్రే జవాబు చెబుతుంది. 2013లో ఓటు వేసినవాళ్లందరినీ నియమించింది జాన్‌పాల్, బెనెడిక్ట్ గార్లే. వాళ్లు ఎన్నుకున్న ఫ్రాన్సిస్ గారు ఎంత వేరుగా నడిచారో అందరం చూశాం.

రోములో ఉంటున్న సిస్టర్ (జవాబు)

మాస్టారు గారికి వందనాలు. నేను తెలుగు మఠకన్యను, కొన్నేళ్లుగా రోములో సేవ చేస్తున్నాను. లోపలి సంగతులు ఆయన చెప్పారు, బయట నిలబడినవాళ్లం ఏం చూశామో నేను చెబుతాను.

మే 7 సాయంత్రం పునీత పేతురు చౌకులో ఇసుక వేస్తే రాలనంత జనం. ఏడు గంటలకు పొగ వస్తుందన్నారు. ఎనిమిదయింది, రాలేదు. చిన్నపిల్లలు ఏడవడం మొదలుపెట్టారు, కొందరు వెళ్లిపోయారు. తొమ్మిదికి నల్లపొగ వచ్చింది. మా ఇంటికి ఫోన్ చేస్తే అక్కడ అర్ధరాత్రి దాటింది, అమ్మ ఇంకా మేలుకునే ఉంది. "నల్లదేనా?" అంది, అంతే.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకు కాస్త ముందు మళ్లీ నల్లపొగ. పొద్దున రెండు రౌండ్లవీ కలిపి ఒకేసారి కాలుస్తారు కాబట్టి రోజుకు రెండుసార్లే పొగ. సాయంత్రం మేం ఊరికే జపమాల చెప్పుకుంటూ నిలబడ్డాం. చిమ్నీ పక్కన కప్పు మీద సముద్రపు కొంగలు, వాటి పిల్ల ఒకటి తిరుగుతుంటే అందరం దాన్నే చూస్తున్నాం. ఆరు దాటి ఏడు నిమిషాలకు పొగ. తెల్లగా. నా పక్కనున్న ఆమె ఏ దేశస్థురాలో తెలియదు, నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. తర్వాత గంటలు. పూర్వం పొగ బూడిద రంగులో వచ్చి జనం తికమకపడేవాళ్లట, 1978లో కూడా అలాగే అయిందట. అందుకే 2005 నుంచి తెల్లపొగతో పాటు గంటలు కూడా మోగిస్తున్నారు.

గంట దాటాక కార్డినల్ మాంబెర్తి బాల్కనీలోకి వచ్చి "హబేముస్ పాపమ్" అన్నారు, మనకు పోపు గారు ఉన్నారు అని. రాబర్ట్ ఫ్రాన్సిస్ ప్రివోస్ట్, పద్నాలుగవ లియో. అమెరికాలో పుట్టి పెరూలో చాలా ఏళ్లు సేవ చేసిన అగస్టీను సభ గురువు. ఆయన మొదటి మాట "మీ అందరికీ శాంతి కలుగుగాక". మధ్యలో స్పానిష్‌లోకి మారి పెరూలోని తన చిక్లాయో మేత్రాసనం (బిషప్ పరిధి) ప్రజలను పలకరించినప్పుడు, నాకు మా ఊరి విచారణ గుర్తొచ్చి కన్నీళ్లు ఆగలేదు.

ఇంకొక్క మాట, పిల్లలకు చెప్పండి టీచర్ గారూ. ఓటు వేసేది కార్డినల్సే. స్త్రీలకు అందులో చోటు లేదు, అది నాకూ మనసులో ఉన్న మాటే. కానీ ఆ రోజుల్లో వాళ్లకు వండిపెట్టేవాళ్లు, గదులు సర్దేవాళ్లు, నర్సులు, డాక్టర్లు, డ్రైవర్లు, చివరికి లిఫ్టు నడిపేవాళ్లు కూడా మే 5న వరుసగా నిలబడి ఏ సంగతీ బయట పెట్టమని ప్రమాణం చేశారు. వాళ్లలో సిస్టర్లు కూడా ఉన్నారు.

సోషల్ టీచర్, బాపట్ల జిల్లా (జవాబు)

మాస్టారు గారూ, సిస్టర్ గారూ, రెండూ క్లాసులో చదివి వినిపించాను. పిన్ డ్రాప్ సైలెన్స్. సూది, దారం సంగతి విన్నాక పిల్లలు మా లీడర్ ఎన్నిక కూడా ఇలాగే పెట్టమని పట్టుబట్టారు. పెడదామనే ఉంది. మూడు సందేహాలు: ఎవరి పేరు వాళ్లే రాసుకోవచ్చా? రౌండ్లు తేలకుండా పోతూ ఉంటే ఏం చేయాలి? తెల్లపొగ మేమూ తెప్పించవచ్చా?

రిటైర్డ్ మాస్టారు, పల్నాడు (జవాబు)

చాలా సంతోషం అమ్మా.

సొంత పేరు సంగతి. పూర్వం తనకు తానే ఓటు వేసుకున్నాడేమో పట్టుకోవడానికి బ్యాలెట్ మీద ఓటరు ఆనవాలు మడిచి సీలు వేసే పద్ధతి ఉండేది. 1945లో పన్నెండవ పయస్ గారు ఆ గొడవ లేకుండా, మూడింట రెండు వంతుల మీద ఇంకొక్క ఓటు రావాలన్నారు. అంటే తన ఓటు తీసేసినా గెలవాలి. 1996లో ఆ అదనపు ఓటు తీసేశారు. మీరు పిల్లలకు ఆ ప్రమాణం చెప్పించండి, చాలు. తుది తీర్పు చిత్రం ముందు నిలబడి చెప్పే మాటకు ఎంత బరువుందో, తోటిపిల్లల ముందు చెప్పే మాటకూ అంతే ఉంటుంది.

రౌండ్లు తేలకపోతే. ఇటలీలో వితెర్బో అనే ఊళ్లో 1268 చివర్లో మొదలైన ఎన్నిక 1271 సెప్టెంబరు దాకా, దాదాపు మూడేళ్లు తేలలేదు. ఊరివాళ్లు విసిగిపోయి కార్డినల్స్‌ని లోపల పెట్టి తాళం వేశారు, భోజనం తగ్గించారు, భవనం పైకప్పు కూడా విప్పారు. చివరికి అక్కడ లేని మనిషిని, పవిత్ర భూమిలో అక్రాలో ఉన్న తెబాల్దో అనే ఆయన్ని ఎన్నుకున్నారు. ఆయనే పదవ గ్రెగరీ. ఆయన 1274లో లియోన్ మహాసభలో రూలు పెట్టారు. మూడు రోజుల్లో తేలకపోతే పూటకు ఒక్క వంటకమే, ఆ తర్వాత అయిదు రోజులకూ తేలకపోతే రొట్టె, నీళ్లు, ద్రాక్షారసం మాత్రమే. మీరు మాత్రం పిల్లల మధ్యాహ్న భోజనం జోలికి పోకండి. ఇప్పటి కాంక్లేవ్‌లో మూడు రోజులు తేలకపోతే ప్రార్థనకు ఒక రోజు విరామం ఇస్తారు, మీకూ అది చాలు.

పొగ విషయంలో జాగ్రత్త. పూర్వం నల్లపొగ కోసం తడి గడ్డి వేసేవారు. ఇప్పుడు రెండు పొయ్యిలు ఉంటాయి. ఒకదాంట్లో కాగితాలు, రెండోదాంట్లో మందు గుళికలు. తెల్లపొగకు పొటాషియం క్లోరేట్, పాలలోని చక్కెర లాక్టోజ్, గుగ్గిలం లాంటి జిగురు కలుపుతారు. ఆ క్లోరేట్ అగ్గిపుల్లల్లో వాడే మందు, ప్రమాదం. పిల్లలతో అస్సలు చేయకండి. ఉత్త కాగితాలు కాల్చండి.

ఒకటి మరిచిపోయాను. ఓట్లు వచ్చినంత మాత్రాన పోపు కారు. ఆ సభకు పెద్దగా ఉన్న కార్డినల్, ఈసారి పరోలిన్ గారు, ఎన్నికైన ఆయన దగ్గరకు వెళ్లి అడగాలి, ఈ ఎన్నికను అంగీకరిస్తారా అని. ఆయన కాదనవచ్చు. అవునంటేనే, ఆ క్షణం నుంచే పోపు. తర్వాత ఏ పేరు పెట్టుకుంటారని అడుగుతారు. పక్కన ఒక చిన్న గది ఉంది, కన్నీళ్ల గది అంటారు, తెల్ల అంగీలు మూడు సైజుల్లో పెట్టి ఉంచుతారు. ఆ పేరు ఎందుకొచ్చిందో నేను చెప్పనక్కర్లేదు. మీ క్లాసులో కూడా ఆ ప్రశ్న మాత్రం అడగడం మానకండి.

సోషల్ టీచర్, బాపట్ల జిల్లా (జవాబు)

నిన్న పెట్టాం. 38 మంది, 26 ఓట్లు రావాలి. చీటీలు తీసి ముగ్గురిని లెక్కకు, ముగ్గురిని సరిచూడడానికి పెట్టాను. ప్రమాణం ఒక్కొక్కరూ చెప్పారు, అల్లరి పిల్లలతో సహా ఎవరూ నవ్వలేదు. మొదటి రౌండ్లో 11 పేర్లు వచ్చాయి, ఎక్కువ వచ్చిన అబ్బాయికి 9. రెండో రౌండ్లో 37 చీటీలే ఉన్నాయి. మీరు చెప్పినట్టు విప్పకుండా పక్కన పెట్టి మళ్లీ వేయించాను. ఒకడు చీటీ జేబులోనే పెట్టుకున్నాడట, తర్వాత వచ్చి చెప్పాడు. ఇంటర్వెల్లో పిల్లలు గుంపులు గుంపులుగా చెట్టు కింద నిలబడి మాట్లాడుకోవడం కిటికీలోంచి చూశాను.

చివరి రౌండ్లో చివరి బెంచీ అమ్మాయికి 28 వచ్చాయి. నాలుగు నెలల క్రితం వేరే ఊరి నుంచి వచ్చి చేరింది, నాతో కూడా పెద్దగా మాట్లాడదు. తరగతి ఊడ్చే వంతు ఎవరైనా ఎగ్గొడితే తనే ఊడుస్తుందని పిల్లలు చెప్పేదాకా నాకు తెలియదు. దండ గుచ్చిన చీటీలు మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మ ఒప్పుకుంటే ఆమె పొయ్యిలోనే వేశాం. పొగ తెల్లగానే వచ్చింది, పిల్లలు కేకలు.

ఆ అమ్మాయి దగ్గరకు వెళ్లి, అందరి ముందు అడిగాను, ఒప్పుకుంటావా అని. తల వంచుకుని, "అన్నం తిన్నాక చెబుతా టీచర్" అంది. అందరం ఆగాం. గంట కొట్టాక ప్లేటు కడుక్కుని వచ్చి, నా బల్ల దగ్గర నిలబడి, సరేనంది.